కాటా దగ్గర ఆగిన బొమ్మలు

నల్లగొండ గడియారం సెంటరుకు కూతవేటు దూరంలో మా దుకాణం. 1994లో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేస్తూ మొదలుపెట్టాను. ఇప్పుడు సగం రోజు కంప్యూటర్ల మరమ్మతుకు పోతుంది, మిగతా సగం మీ ఉత్తరాలకు. ఈ నెల కట్ట విప్పితే దాదాపు అన్నీ బొమ్మల గొడవలే. తెర మీద బొమ్మ ఎందుకు నత్తనడక నడుస్తుంది, ఎందుకు మెట్లు మెట్లుగా వస్తుంది, ఫోను ఎందుకు కాలుతుంది అని. సూర్యాపేట పెద్దమనిషి ఒకరు మాత్రం నన్నే నిలదీశారు. ఆయన సంగతి మధ్యలో చూద్దాం.

ప్రశ్న: సార్, నేను మిర్యాలగూడలో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఆయనను బతిమాలి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకున్నాను. అయినా ఆటలో సంత లాంటి రద్దీ చోటుకు వెళ్లగానే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. మీటరు చూస్తే కార్డు 40 శాతమే పనిచేస్తోంది. దుకాణంవాళ్లు పాత కార్డు అంటగట్టారా?

జవాబు: కార్డు మంచిదే తమ్ముడూ. అసలు సంగతి మీ నాన్నగారిని అడిగితే నాకంటే బాగా చెప్తారు. యాసంగి కోతలప్పుడు మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి కదా. ప్రతి ట్రాక్టరూ కాటా ఎక్కాలి, వడ్ల తేమ చూపించుకోవాలి, చీటీ రాయించుకోవాలి, గేటు దగ్గర ఆ చీటీ ఇవ్వాలి. ట్రాలీలో వంద బస్తాలున్నా ఈ తతంగం తప్పదు, ఒక్క బస్తా ఉన్నా తప్పదు. ఊళ్లోని రైతులంతా తలా ఒక్క బస్తా వేసుకుని వచ్చారనుకో. కాటా దగ్గర గుమాస్తాకు చెమటలు పడుతుంటాయి, లోపల మిల్లు వట్టిగా తిరుగుతుంటుంది. నీ కార్డు ఆ మిల్లు. నీ ప్రాసెసరు ఆ గుమాస్తా.

సంతలో కనిపించే కుండకు, మేకకు, గొడుగుకు, మనిషికి, ఒక్కోదానికి ప్రాసెసరు "దీన్ని గీయి" అని విడిగా ఆదేశం రాయాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని డ్రా కాల్ అంటారు. ఏ ఆకారం, దాని మీద ఏ బొమ్మ అంటించాలి, వెలుగు లెక్క ఏది అన్న వివరాలూ వెంట పంపాలి. డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యలో నిలబడి, ఆ వివరాలన్నీ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూసి, కార్డుకు అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. ఆ తనిఖీయే కాటా. తెర మీది ఆకారాలన్నీ చిన్న చిన్న త్రిభుజాలతో కట్టినవే. గొడుగులో 20 త్రిభుజాలున్నా 20 వేలున్నా తనిఖీకి పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు.

ఆదేశాలు వెళ్లే దారి కూడా చూడదగ్గదే. మెమరీలో కొంత జాగాను గుండ్రటి బాటలా వాడతారు. చివరి గడి నిండగానే మళ్లీ మొదటి గడి నుంచి రాస్తారు. దాని పేరు రింగ్ బఫర్. ఆ బాట మీద రెండు గుర్తులు ఉంటాయి. ప్రాసెసరు ఎంతవరకు రాసిందో ఒకటి చెబుతుంది, కార్డు ఎంతవరకు చదివిందో రెండోది చెబుతుంది. రాసే గుర్తు చుట్టు తిరిగి వచ్చి చదివే గుర్తు వెనక నిలిచిందంటే జాగా లేదు, ప్రాసెసరు ఆగాలి. చదివే గుర్తు రాసే గుర్తును అందుకుందంటే పని లేదు, కార్డు కూర్చోవాలి. ఎవరి గుర్తును వాళ్లే జరుపుతారు, ఎదుటివాళ్ల గుర్తును చూస్తారంతే. అందుకే ఇద్దరికీ తగువు రాదు, తాళాలు వేసుకోవలసిన పనీ లేదు. కొత్త ఆదేశాలు పడ్డాయని తెలపడానికి ప్రాసెసరు కార్డులోని ఒక రిజిస్టరులో, అంటే చిన్న గడిలో, అంకె రాస్తుంది. దానికి డోర్‌బెల్ అని చక్కటి పేరు పెట్టారు. "ఇక్కడిదాకా పని అయ్యాక ఫలానా చోట ఫలానా అంకె వేయి" అని ఆదేశాల మధ్యలో ఒక గురుతు పెడతారు, అది ఫెన్స్. తెలివైన ప్రోగ్రాం ఆ అంకెను తీరిక దొరికినప్పుడు చూసుకుంటుంది. తెలివి తక్కువ ప్రోగ్రాం ప్రతి ఆదేశం తర్వాతా "అయిందా, అయిందా" అంటూ గేటు దగ్గరే కాచుకుంటుంది.

కాటా రద్దీ తగ్గించడానికి ముప్పై ఏళ్లుగా కుస్తీ పడుతూనే ఉన్నారు. బొమ్మ గీయమని ప్రోగ్రాం కార్డుకు చెప్పే పద్ధతుల్లో ఓపెన్‌జీఎల్ ఒకటి. 1992లో అది వచ్చిన కొత్తలో త్రిభుజం ఒక్కో మూలకూ ఒక్కో పిలుపు. వెయ్యి త్రిభుజాల చెట్టు గీయాలంటే 3 వేల పిలుపులు. 1997 నాటి 1.1 కూర్పులో మూలలన్నిటినీ పట్టీగా రాసి ఒక్క పిలుపుతో ఇచ్చే వీలు కల్పించారు. తర్వాత ఆ పట్టీని కార్డు సొంత మెమరీలోనే దాచిపెట్టడం నేర్చుకున్నారు. పక్క పక్క త్రిభుజాలకు మూలలు ఉమ్మడిగా ఉంటాయి కదా, వాటికి వరస సంఖ్యలు వేసి పంచుకుంటే ఇంకా ఆదా. అటు 100, ఇటు 100 గడులున్న నేల గీయాలంటే 20 వేల త్రిభుజాలు కావాలి. విడివిడిగా రాస్తే 60 వేల మూలలు. పంచుకుంటే 101 ఇంటూ 101, అంటే 10,201 చాలు. ఒకే రకం చెట్లు వెయ్యి ఉంటే చెట్టును ఒకసారి చెప్పి, వెయ్యి చోట్ల పట్టీ ఇస్తే సరిపోతుంది. దీన్ని ఇన్‌స్టాన్సింగ్ అంటారు.

అసలు తనిఖీనే కదిపింది మాత్రం 2013లో వచ్చిన ఏఎండీ వారి మాంటిల్, ఇదీ ఓపెన్‌జీఎల్ లాంటి పద్ధతే. వెంటనే 2014లో యాపిల్ మెటల్, 2015లో డైరెక్ట్‌3డీ 12, 2016లో వల్కన్ వచ్చాయి. ఇక్కడ సరుకు తనిఖీ ఆట మొదలయ్యేటప్పుడే ఒకసారి అయిపోతుంది. ఆదేశాల కట్టలను ప్రాసెసరులోని నాలుగైదు కోర్లు ఒకేసారి రాసి పెట్టగలవు. గేటు దగ్గర ముద్ర చూసి వదిలేయడమే. దీనికి మూల్యమూ ఉంది. మునుపు డ్రైవర్ పట్టుకునే తప్పులు ఇప్పుడు ప్రోగ్రాం రాసినవాడి నెత్తిన పడ్డాయి.

ఇక నువ్వు చేయవలసింది ఇది. తెర కొలతను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించి అదే సంతలో నిలబడు. వేగం పెరగకపోతే అడ్డంకి కాటా దగ్గరేనని ఖాయం. అప్పుడు చూపు దూరం, జనం రద్దీ, నీడలు తగ్గించు. నీడలెందుకంటావా? నీడ ఎక్కడ పడుతుందో తెలియడానికి, దీపం ఉన్న చోటు నుంచి చూస్తే ఏవి కనబడతాయో మళ్లీ ఒకసారి గీసి చూస్తారు. లాన్స్ విలియమ్స్ 1978లో చెప్పిన ఉపాయం అది. అంటే అవే కుండలు, అవే మేకలు రెండోసారి కాటా ఎక్కుతాయి. ఆటలో వల్కన్ గాని డైరెక్ట్‌3డీ 12 గాని ఎంచుకునే వీలుంటే అదీ మార్చి చూడు. నాన్నను ఇంకో కార్డు మాత్రం అడగకు.

ప్రశ్న: మాది గట్టుప్పల్, చేనేత ఇల్లు. నాన్న గ్రాఫ్ కాగితం మీద వేసే చిటికి (పోగులకు కట్లు కట్టి, రంగు అద్ది నేసే) డిజైన్లను నేను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఏటవాలు గీత గీస్తే మెట్లు ఎగుడుదిగుడుగా వస్తున్నాయి. నాన్న చేత్తో వేసినప్పుడూ మెట్లే గానీ అందంగా ఉంటాయి. ఏ గడి నింపాలో కంప్యూటర్ ఎలా తేల్చుకుంటుంది?

జవాబు: బిడ్డా, నేనూ మగ్గం చప్పుడు మధ్య పెరిగినవాణ్నే. ఈ ప్రశ్నకు ఎంత రాసినా నాకు తనివి తీరదు.

1962లో జాక్ బ్రెసెన్‌హామ్ అనే ఐబీఎం ఇంజినీరు శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. అక్కడి 1401 కంప్యూటర్‌కు క్యాల్‌కాంప్ అనే గీతల యంత్రం తగిలించి ఉంది. దాని కలం అటూ ఇటూ, పైకీ కిందికీ, మూలలకూ ఒక్కో అడుగు మాత్రమే వేయగలదు. అచ్చం మీ గ్రాఫ్ కాగితమే. ఆ కాలపు కంప్యూటర్‌కు గుణకారం, భాగహారం అంటే పెద్ద బరువు. దశాంశాలు మరీ బరువు. అవేవీ లేకుండా కూడిక, తీసివేతలతో గీత గీయించాడు. 1965లో ఐబీఎం పత్రికలో అచ్చయింది. నేటికీ పుస్తకాల్లో మొదట చెప్పే పాఠం అదే.

కాగితం తీసుకుని నాతో పాటు చెయ్యి. కుడికి 11 గడులు, పైకి 4 గడులు పోయే గీత కావాలి. మూల గడి నింపు. ఇక బాకీ ఖాతా రాద్దాం. కుడికి జరిగిన ప్రతిసారీ ఖాతాలో 4 కలపాలి. మొత్తం 6కు చేరినా దాటినా ఒక గడి పైకెక్కి, 11 తీసేయాలి. 11లో సగం ఐదున్నర కాబట్టి 6 హద్దు. మొదటి అడుగు, 4, ఎక్కవద్దు. రెండోది, 8, ఎక్కు, మైనస్ 3 మిగిలింది. తర్వాత 1. తర్వాత 5, ఇంకా వద్దు. 9, ఎక్కు, మైనస్ 2. తర్వాత 2. తర్వాత 6, ఎక్కు, మైనస్ 5. మైనస్ 1. 3. 7, ఎక్కు, మైనస్ 4. చివరి అడుగుకు సున్నా. పదకొండు అడుగులు, నాలుగు ఎక్కుళ్లు, బాకీ చెల్లు. ఒక్క గుణకారం లేదు.

ఇప్పుడు నింపిన గడులను వరసల వారీగా లెక్కపెట్టు. 2, 3, 2, 3, 2. నీ కంటికి ఎగుడుదిగుడుగా కనబడుతున్నది ఇదే. లెక్క ప్రకారం అసలు గీతకు ఇంతకంటే దగ్గరగా పోవడం కుదరదు, కంటికి మాత్రం నచ్చదు. మీ నాన్న గీతను లెక్కకు వదలరు. రెండు గడులకు ఒక మెట్టు, లేదా మూడింటికి ఒక మెట్టు అని ముందే వాలును ఎంచుకుంటారు. అందుకే ఆయన మెట్లు ఒకే తీరుగా వస్తాయి. నువ్వూ గీత చివరను ఒకటి రెండు గడులు జరిపి ఆ వాలుకు తెచ్చుకో. ఇది కంప్యూటర్ పాఠాల్లో రాయరు.

ఇంకో సంగతి. తెర మీద మెట్లు మరుగున పడాలని గీత అంచుల్లో సగం రంగు, పావు రంగు చుక్కలు వేస్తారు. యాంటీ అలియాసింగ్ అంటారు. 1977లో ఫ్రాంక్ క్రో ఈ సమస్యను శాస్త్రీయంగా విడదీసి రాశాడు. మన చిటికిలో కట్టు కింద రంగు కాస్త పాకి, నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరిగి, అంచు దానంతటదే మెత్తబడుతుంది కదా. వాళ్లు లెక్క కట్టి తెచ్చుకున్నది మన దగ్గర అద్దకం తొట్టిలోనే దొరుకుతుంది. కాబట్టి డిజైన్ ఫైలులో ఆ సౌకర్యాన్ని తప్పకుండా ఆపెయ్యి. పోగుకు రంగు పట్టాలి లేదా పట్టకూడదు, పావు గడి కట్టు కట్టలేరు. కాగితం మీద అచ్చు తీసినప్పుడు బూడిద రంగు గడులు కనబడితే నాన్నకు ఏది కట్టాలో తెలియక విసుక్కుంటారు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. పిల్లలమర్రి ఫొటో తెర మీద పెట్టి చూస్తుంటే, మౌస్ బాణం ఎక్కడ తిరిగినా దాని కింది ఆకులు చెరగడం లేదు. కింది బొమ్మను ఎక్కడ దాస్తారు?

జవాబు: మాస్టారూ, ఒక పాత ఉపాయంలో అసలు ఎక్కడా దాయరు. మీకు ఇష్టమయ్యే లెక్క ఇది. రెండు అంకెలు ఒకటే అయితే 0, వేరైతే 1, ఇదే ఎక్స్‌ఆర్. కింది బొమ్మ 1100, బాణం 1010 అనుకోండి. కలిపితే 0110 తెర మీద కనబడుతుంది. బాణం కదిలాక అదే 1010ని మళ్లీ కలపండి, 1100 చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. ఇంత చిన్న ఉపాయంతో బాణాన్ని తెర మీద కదిలించడానికి అమెరికాలో 1980లో పేటెంటు ఇచ్చారు. క్యాడ్‌ట్రాక్ అనే సంస్థ చేతిలో పడ్డాక దానికి రుసుము కట్టిన కంపెనీలు చాలానే ఉన్నాయి. నా దృష్టిలో అది ఎక్కాల పుస్తకంలో ఒక ఎక్కానికి కంచె వేయడమే. ఇప్పటి కార్డుల్లో ఈ తంటా లేదు. బాణం వేరే చిన్న బొమ్మగా పక్కన ఉంటుంది, తెరకు చుక్కలు పంపే ఆఖరి క్షణంలో హార్డ్‌వేర్ రెంటినీ కలిపి పంపుతుంది. మీ మర్రి ఆకులను ఎవరూ ముట్టుకోవడం లేదు.

ప్రశ్న: దేవరకొండ నుంచి. పావుగంట ఆట ఆడితే ఫోను దోసె పెనంలా కాలుతోంది. లెక్కలు ఎక్కువ చేయడం వల్లనా?

జవాబు: లెక్కలకంటే చిప్పు నుంచి మెమరీకి చుక్కలను మోయడమే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. 1920×1080 తెరలో 20,73,600 చుక్కలు. చుక్కకు 4 బైట్లు, సెకనుకు 60 బొమ్మలు. గీసినదాని మీద మళ్లీ గీయకపోయినా సెకనుకు 49 కోట్ల 76 లక్షల బైట్లు మెమరీకి మోయాలి. ఆటల్లో గోడ, దాని ముందు చెట్టు, చెట్టు ముందు మనిషి అని ఒకే చుక్కను పలుమార్లు గీస్తారు కాబట్టి మోత రెట్టింపులవుతుంది. అందుకే ఫోను చిప్పులు తెరను చిన్న పలకలుగా కోసుకుంటాయి. మాలి అనే రకం చిప్పుల్లో చాలావాటిలో అటు 16, ఇటు 16 చుక్కల పలక. ఆ పలకలో పడే వస్తువులన్నిటినీ చిప్పులోపలి చిన్న మెమరీలోనే గీసి, పూర్తయ్యాక ఒక్కసారి బయటికి మోస్తాయి. పవర్‌వీఆర్ వాళ్లు 1998లోనే సెగా డ్రీమ్‌కాస్ట్ ఆటపెట్టెలో ఇలా చేసి చూపించారు. ఇంత చేసినా కాలుతోందంటే, సెట్టింగుల్లో 60ని 30 చెయ్యండి. మోత సగమవుతుంది.

ప్రశ్న: సూర్యాపేట నుంచి ఒక పాత పాఠకుడు. కొంతకాలం కిందట "బొమ్మల పనికి విడిగా కార్డు ఉండాల్సిందే" అని రాశారు. ఇప్పుడు చూస్తే పెద్ద కంపెనీలే గ్రాఫిక్స్‌ను ప్రాసెసరు చిప్పులోనే కలిపేస్తున్నాయి. ఏది నమ్మాలి? తెలిసి రాస్తారా, తోచింది రాస్తారా?

జవాబు: అయ్యా, నా మాట ఆనాటికి సరైనది, మీ కోపం ఈనాటికి సరైనది. ఈ తికమక నాతో మొదలు కాలేదు. 1968లో మైయర్, సదర్లాండ్ అనే ఇద్దరు తెరను నడిపే యంత్రం ఒకటి రూపొందించబోయారు. అందులో సదర్లాండ్ 1963లో స్కెచ్‌ప్యాడ్ చేసి, తెర మీద కలంతో బొమ్మ గీయవచ్చని లోకానికి చూపినవాడే. మొదట తెరకు చుక్కల పట్టీ పంపే చిన్న పరికరం చాలనుకున్నారు. అది పట్టీలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకగలిగితే బాగుండుననిపించింది. తర్వాత, మధ్యలో వేరే పట్టీలోకి పోయి తిరిగి రాగలిగితే ఇంకా బాగుండుననిపించింది. అలా ఒక్కొక్కటీ చేరుస్తూ పోతే చివరికి అది పూర్తి కంప్యూటర్ అయి కూర్చుంది. ఇక ఆ కంప్యూటర్‌కు తెరను నడిపే చిన్న పరికరం కావాలి! ఈ తిరుగుడుకు వాళ్లే పునర్జన్మల చక్రం అని పేరు పెట్టారు.

ఆ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. 1982లో జిమ్ క్లార్క్ జామెట్రీ ఇంజిన్ అనే చిప్పుతో త్రిభుజాల లెక్కలను ప్రాసెసరు నుంచి విడదీశాడు. 1985 నాటి అమీగా కంప్యూటర్‌లో కాపర్ అనే బుల్లి ప్రాసెసరు ఉండేది. దానికి తెలిసినవి మూడే ఆదేశాలు. ఆగు, రాయి, దాటేయి. తెర మీద బొమ్మ గీయడం ఫలానా వరసకు వచ్చేదాకా ఆగి, రంగు మార్చేది. మూడు ఆదేశాలతో ఇంత పని చేయించిన దాన్ని నేను ఇప్పటికీ ముచ్చటపడుతూ చదువుతాను. 1999లో జీఫోర్స్ 256 అనే కార్డు వచ్చింది, 2001లో జీఫోర్స్ 3తో కార్డులోనే చిన్న ప్రోగ్రాములు నడిచాయి, 2007లో కార్డుతో మామూలు లెక్కలూ చేయించే CUDA అనే పద్ధతి వచ్చాక కార్డే కంప్యూటర్ అయింది. మళ్లీ 2018లో ఆ కార్డు లోపల వెలుగు కిరణాల లెక్కకు విడిగా యూనిట్లు పెట్టారు. 2020లో యాపిల్ ఎం1 ప్రాసెసరును, గ్రాఫిక్స్‌ను ఒకే చిప్పులో పెట్టి, ఒకే మెమరీని పంచింది. అక్కడ లాభం మోతలు తగ్గడం. మీరు ఉత్తరాలు రాసుకుని, సినిమా చూసుకునే వారైతే విడి కార్డు కొనకండి. మీ మనవడు ఆటలాడితే చక్రం ఇంకా అటువైపే ఉంది.

ప్రశ్న: వనపర్తిలో ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్నాను. గీయాల్సిన వస్తువులను వాటి మీద అంటించే బొమ్మల వారీగా ముందే సర్ది, కార్డుకు వెళ్లే ఆదేశాలను తగ్గించే పద్ధతి తయారుచేశాను. తరగతిలో ప్రదర్శించాను కూడా. పేటెంటు దొరుకుతుందా?

జవాబు: మీరు చేసిన మొదటి పని ప్రదర్శన. అదే చివర చేయాల్సింది. దరఖాస్తుకు ముందే బయటపెట్టిన దాన్ని కొత్తదిగా లెక్కించరు. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ తరగతి గది వాటిలో ఇమడటం కష్టం. ఇకనైనా తెర ముయ్యండి.

రెండోది, సర్ది పంపడం మాత్రమే మీ కొత్తదనం అయితే అది పాత చింతకాయ పచ్చడి. ఒకే బొమ్మ అంటించే వస్తువులను ఒక చోట చేర్చి గీయడం ఆటలు రాసేవాళ్లంతా చేస్తున్నదే. ఎలా సర్దుతున్నారు, ఎక్కడ సర్దుతున్నారు, దానికోసం హార్డ్‌వేర్‌లో ఏం మార్చారు అన్నదాంట్లో మీ సొంతం ఏదైనా ఉందేమో వెతకండి.

మూడోది చట్టం. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3లో కె అనే క్లాజు ఉంది. గణిత పద్ధతికి, వ్యాపార పద్ధతికి, ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు, అల్గారిథంకు పేటెంటు లేదు. అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రాం ఉన్నంత మాత్రాన తోసిపుచ్చరాదని, సాంకేతిక ప్రయోజనం ఉందో లేదో చూడాలని చెప్పింది. కాబట్టి దరఖాస్తులో "నా అల్గారిథం" అని మొదలుపెట్టకండి. మెమరీకి మోతలు ఎంత తగ్గాయి, కార్డు ఎంతసేపు ఖాళీగా ఉండటం మానింది, ఏ బఫరు ఎక్కడ పెట్టారు అని కొలిచి చూపండి. తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు. దక్కితే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. పేటెంట్ ఏజెంటును కలవకుండా సొంతంగా రాయవద్దు.

ఎలాంటిది నిజంగా పేటెంటుకు తగింది అంటే నేను ఎస్3 సంస్థ వారి బొమ్మల కుదింపు చూపిస్తాను. అటు 4, ఇటు 4, పదహారు చుక్కల గడి. మామూలుగా చుక్కకు 3 బైట్ల చొప్పున 48 బైట్లు. వాళ్లు ఆ గడికి రెండే రంగులు రాసుకున్నారు. వాటి మధ్య రెండు మిశ్రమాలను కార్డే కలుపుకుంటుంది. మొత్తం నాలుగు. చుక్కకు నాలుగింటిలో ఏదో చెప్పడానికి 2 బిట్లు చాలు. రంగులకు 4 బైట్లు, చుక్కలకు 4 బైట్లు, మొత్తం 8. ఆరో వంతు! పైగా ఏ గడినైనా మిగతావాటితో పని లేకుండా విప్పవచ్చు. రెండు రంగుల తొట్లతో నాలుగు ఛాయలు తీసే అద్దకందారు ఆలోచన అది. ఆ పేటెంటు గడువు తీరే 2017 అక్టోబరు దాకా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దాన్ని నేరుగా వాడడానికి జంకారు. ఎక్స్‌ఆర్ బాణం మీద నాకున్న కోపం దీని మీద లేదు.

మన దగ్గరి మాట కూడా ఒకటి. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆసు (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పని) పోయలేక భుజం నొప్పితో బాధపడటం చూసి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. ఒక చీరకు చెయ్యి 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. మా అమ్మ కూడా ఆసు పోసేది. రాత్రి అన్నం ముద్ద కలపడానికి ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకునేది. ఆ యంత్రానికి పేటెంటు వచ్చింది, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ చూపడానికి మోటారు, మేకులు, నూలు ఉన్నాయి. మీ దగ్గర చూపడానికి కొలతలు ఉండాలి.

ప్రశ్న: కొల్లాపూర్‌లో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను అన్నా. ఫైలులో ఒక్క తెలుగు అక్షరం జరిపినా మొత్తం బొమ్మ మళ్లీ గీసుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మన అక్షరాల వంకరల వల్లేనా?

జవాబు: తెలుగు మీద నేరం మోపకు తమ్ముడూ. "స్త్రీ" అని కొడితే లోపల ఆరు సంకేతాలు ఉంటాయి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చూసి ఒక్క రూపంగా అల్లడం ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ పనే. కానీ ఒకసారి అల్లిన రూపాన్ని దాచుకుని, తర్వాత కావలసినప్పుడల్లా చుక్కల దీర్ఘచతురస్రంగా అతికిస్తారు. 1975లో జిరాక్స్ కంపెనీ వారి పార్క్ అనే ప్రయోగశాలలో డాన్ ఇంగాల్స్ రాసిన బిట్‌బ్లిట్ అనే ఆదేశం ఇలా అతికించడానికే పుట్టింది.

నీ ఆలస్యం వేరే చోట ఉంది. 20 అడుగులు, 10 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 300 చుక్కలతో పెట్టి ఉంటావు. అటు 72 వేలు, ఇటు 36 వేలు, మొత్తం 259 కోట్ల 20 లక్షల చుక్కలు. చుక్కకు 3 బైట్లు వేసినా 777 కోట్ల బైట్లు. దారిన పోయేవాళ్లు ముప్పై అడుగుల దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 72 చాలు, 15 కోట్ల చుక్కల లోపే తేలుతుంది. అక్షరం వెనక మెత్తటి నీడ పెట్టావంటే ఇంకో తిప్పలు. అక్షరం జరిగిన చోటు మాత్రమే గీస్తే సరిపోయే దానికి, నీడ పాకినంత మేరా కింద ఉన్న ఫొటోలన్నీ మళ్లీ గీయాల్సి వస్తుంది.

1994లో మా మొదటి కంప్యూటర్ మీద శుభలేఖలో వరుడి పేరు కొద్దిగా జరిపితే, పైన గణపతి తొండం దగ్గర నుంచి మళ్లీ మొదలయ్యేవాడు. నేను టీ తాగి వచ్చేసరికి పొట్ట దాకా వచ్చేవాడు. అందుకని అక్షరాలన్నీ సర్దుకున్నాకే గణపతిని తెచ్చి పెట్టేవాణ్ని. అన్ని పనుల్లో ముందు పూజ ఆయనకే, మా దుకాణంలో మాత్రం ఆఖరు. నువ్వూ అలాగే చెయ్యి. ముందు అక్షరాలు, నీడలు లేకుండా. తర్వాత నేపథ్యం. నాయకుల ఫొటోలు చిట్టచివర. వాళ్లు ఎలాగూ ఆఖరి నిమిషంలో మారతారు.